ఎడ్ విన్: డెబ్బై ఏళ్లకు క్యారెక్టర్ ఆర్టిస్ట్ అయిన వాడెవిల్ కమెడియన్

బొమ్మలపెట్టె:
అందరికీ నమస్కారం. సెలవుల్లో పిల్లలకు 'మేరీ పాపిన్స్' (1964) చూపించాను. అందులో అంకుల్ ఆల్బర్ట్ అని ఒక పెద్దాయన ఉంటాడు. నవ్వు ఆపుకోలేక గాల్లోకి లేచిపోయి పైకప్పు దగ్గరే టీ తాగుతాడు. ఏదైనా బాధ కలిగించే సంగతి తలుచుకుంటే గానీ కిందికి దిగలేడు. మా చిన్నది ఆ ఒక్క సీనే మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. ఎవరా ఈయన అని వెతికితే పేరు ఎడ్ విన్ అని తెలిసింది. ఇదే మనిషి 'ద డైరీ ఆఫ్ ఆన్ ఫ్రాంక్' (1959)లో నాజీలకు భయపడి దాక్కున్న పళ్ల డాక్టరుగా వేసి ఆస్కార్ నామినేషన్ తెచ్చుకున్నాడట! ఆయన అసలు కమెడియనా, సీరియస్ యాక్టరా? పాత హాలీవుడ్ గురించి తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాతరీలు:
మంచి ప్రశ్న వేశారు. నాకు చాలా ఇష్టమైన మనిషి, అందుకని కొంచెం పెద్దగానే రాస్తాను.

పుట్టింది 1886 నవంబర్ 9న, ఫిలడెల్ఫియాలో, ఒక యూదు కుటుంబంలో. అసలు పేరు ఐజయా ఎడ్విన్ లియోపోల్డ్. తండ్రి టోపీలు తయారుచేసి అమ్మేవాడు. కొడుకు అదే వ్యాపారంలోకి రావాలని ఆయన ఆశ. అబ్బాయికేమో స్టేజీ పిచ్చి. పదిహేను, పదహారేళ్ల వయసులో ఇంట్లోంచి పారిపోయి నాటకాల వాళ్లతో కలిశాడు. ఇంటి పేరు బయటపడకుండా 'ఎడ్విన్'నే రెండు ముక్కలు చేసి ఎడ్ విన్ అయ్యాడు. తండ్రి వ్యాపారం వద్దనుకున్నాడు గానీ టోపీలు మాత్రం ఆయన్ను వదల్లేదు. నెత్తిన వింత టోపీ, ఒంటి మీద బొత్తిగా నప్పని కోటు, కళ్లజోడు, పీలగా వణికే గొంతు, ఇవే జీవితాంతం ఆయన గుర్తులు.

న్యూయార్క్‌లో వాడెవిల్‌కు గుడి లాంటిది పాలస్ థియేటర్. అది 1913 మార్చి 24న తెరిచినప్పుడు మొదటి ప్రోగ్రామ్‌లోనే ఈయన ఉన్నాడు. తర్వాత 1914, 1915లో జీగ్‌ఫెల్డ్ ఫాలీస్, అంటే పాటలు, డాన్సులు, కామెడీ కలిపిన పెద్ద బ్రాడ్‌వే షో. అక్కడే ఒక గొడవ జరిగిందని చెప్పుకుంటారు. డబ్ల్యూ.సి. ఫీల్డ్స్ అనే ఇంకో పెద్ద కమెడియన్ స్టేజీ మీద బిలియర్డ్స్ బల్లతో తన ఐటమ్ చేస్తుంటే, ఈయన ఆ బల్ల కింద దూరి జనానికి వెకిలి మొహాలు పెట్టాడట. తను అనుకోని చోట నవ్వులు వస్తున్నాయేమిటా అని చూసిన ఫీల్డ్స్, చేతిలో ఉన్న కర్రతోనే నెత్తి మీద ఒక్కటిచ్చాడట. జనం అది కూడా ఐటమ్‌లో భాగమే అనుకుని ఇంకా నవ్వారట.

1919లో యాక్టర్స్ ఈక్విటీ అనే నటుల సంఘం సమ్మె జరిగింది. నటులు పని ఆపేసి న్యూయార్క్‌లోని బ్రాడ్‌వే నాటకాల థియేటర్లు మూయించారు. ఎడ్ విన్ అప్పటికే పెద్ద స్టార్, నోరు మూసుకుని కూర్చుంటే హాయిగా గడిచిపోయేది. కానీ సమ్మెలో ముందు నిలబడ్డాడు. దానికి శిక్షగా సమ్మె అయిపోయాక నిర్మాతలు ఆయనకు పని ఇవ్వడం మానేశారు. ఇక వాళ్ల చుట్టూ తిరగడం ఎందుకని తనే రాసి 1920లో 'ఎడ్ విన్స్ కార్నివాల్', 1921లో 'ద పర్ఫెక్ట్ ఫూల్' వేశాడు. రెండూ ఆడాయి. ఆ రెండో షో పేరే ఆయనకు బిరుదైపోయింది. సమ్మె సంగతి నేను ఎవరికి చెప్పినా ముందు ఇదే చెబుతాను. ఆయన మీద నాకు గౌరవం మొదలైంది అక్కడే.

చిట్టిబాబు_వైజాగ్:
వాడెవిల్ అంటే ఏంటి సర్? నాటకమా, సర్కసా?

తెరవెనుక:
రెండూ కాదు బాబూ. ఒకే టికెట్ మీద ఏడెనిమిది ఐటమ్‌లు వరసగా వస్తాయి. పాట, గారడీ, ఒళ్లు విరిచే ఫీట్లు, కుక్కల ఆట, చిన్న స్కిట్, కమెడియన్. ఒకదానికీ ఇంకోదానికీ సంబంధం ఉండదు. ఒక్కొక్కళ్లకు పది నుంచి ఇరవై నిమిషాలు ఇస్తారు. కీత్-ఆల్బీ, ఆర్ఫియమ్ లాంటి పెద్ద కంపెనీల చేతిలో ఊరూరా థియేటర్లు ఉండేవి. కళాకారులు రైలెక్కి ఒక ఊళ్లో వారం ఆడి, తర్వాతి ఊరికి పోయేవాళ్లు. అమెరికాలో ఇది 1880ల నుంచి 1920ల చివరి దాకా బాగా నడిచింది. టాకీలు వచ్చాక కూలిపోయింది. పాతరీలు గారు చెప్పిన పాలస్ కూడా 1932లో సినిమా హాలైపోయింది.

ఎడ్ విన్ కథ అర్థం కావాలంటే ఒక సంగతి పట్టుకోవాలి. వాడెవిల్‌లో కమెడియన్ దగ్గర ఉండేది పన్నెండు నిమిషాల ఐటమ్ ఒక్కటే. దాన్ని ఏళ్ల తరబడి వేసేవాడు, ఎందుకంటే ప్రతి వారం ఊరు మారుతుంది, జనం మారతారు. వందల సార్లు వేసి వేసి ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, ఎక్కడ ఆగాలి, ఏ మాట దగ్గర కనుబొమ్మ లేపాలి అన్నీ అరగదీసేవాడు. తోలుబొమ్మలాటలో కేతిగాడు అర్జునుడికీ శ్రీకృష్ణుడికీ మధ్య దూరి ఒక్క మాటతో ఊరంతటినీ నవ్వించి పోతాడు చూడండి, ఆ పనితనమే ఇక్కడ ఒక మనిషి బతుకుతెరువు. తర్వాత వచ్చిన రేడియో, టీవీ ఈ పన్నెండు నిమిషాలను ఒక్క రాత్రిలో మింగేసి 'వచ్చే వారం ఏంటి?' అని అడిగాయి. చాలామంది మహామహులు అక్కడే దెబ్బతిన్నారు.

రేడియో_ప్రియ:
రేడియో సంగతి నేను చెప్తాను. 1922లోనే 'పర్ఫెక్ట్ ఫూల్' షోను న్యూజెర్సీలోని డబ్ల్యూజేజెడ్ స్టేషన్ నుంచి ప్రసారం చేశారు. రేడియోలో మొత్తం స్టేజీ షో వినిపించడం అప్పటికి కొత్త. స్టూడియోలో మైకు ముందు నిలబడి మొదటి జోకు వేస్తే... నిశ్శబ్దం. రెండోది వేస్తే మళ్లీ నిశ్శబ్దం. ఎదురుగా జనం లేరు కదా! ఆయనకు చెమటలు పట్టాయి. చివరికి బిల్డింగులో పనిచేసేవాళ్లను, దొరికినవాళ్లను దొరికినట్టు పట్టుకొచ్చి ఎదురుగా కూర్చోబెడితే గానీ గాడిన పడలేదు.

ఆ భయం ఆయన్ను వదల్లేదు. 1932లో టెక్సకో అనే పెట్రోలు కంపెనీ వాళ్ల 'ఫైర్ చీఫ్' రేడియో ప్రోగ్రామ్ మొదలుపెట్టినప్పుడు జనాన్ని ఎదురుగా పెట్టుకునే చేశాడు. ఇంకా విచిత్రం, వినేవాళ్లకు కనిపించదని తెలిసి కూడా పూర్తి మేకప్ వేసుకుని, ఫైర్ చీఫ్ టోపీ పెట్టుకుని, మధ్యలో డ్రెస్సులు మార్చుకుంటూ చేసేవాడు. 'సో...ఓ...ఓ' అని సాగదీసే ఆ గొంతు అప్పట్లో అమెరికా అంతా అనుకరించింది. 1935 దాకా నడిచింది.

దాని మధ్యలోనే పెద్ద దెబ్బ తగిలింది. 1933లో సొంత రేడియో నెట్‌వర్క్ పెట్టాడు, పేరు అమాల్గమేటెడ్ బ్రాడ్‌కాస్టింగ్ సిస్టమ్. అయిదు వారాలకే మూతపడింది. డబ్బు పోయింది, ఆరోగ్యం పోయింది, కొన్నేళ్లకు పెళ్లి కూడా విడాకుల్లో ముగిసింది. 'ద విజర్డ్ ఆఫ్ ఓజ్' (1939)లో విజర్డ్ వేషం ముందు ఈయనకే ఇవ్వబోయారు. చాలా చిన్న పాత్ర అని వద్దన్నాడు. ఆ రోజు వద్దన్న మనిషే ముసలితనంలో ఒకట్రెండు సీన్ల వేషాలతో అందరికీ గుర్తుండిపోయాడు.

డాలస్_తెలుగు:
టీవీ భాగం నాది. 1949లో సీబీఎస్‌లో 'ద ఎడ్ విన్ షో' మొదలైంది. అప్పటిదాకా పెద్ద ప్రోగ్రాములు ఎక్కువగా న్యూయార్క్‌లోనే తయారయ్యేవి. ఇది లాస్ ఏంజెలస్‌లో చేసి, తెర మీది బొమ్మను ఫిల్ముకెక్కించి తూర్పు రాష్ట్రాలకు పంపేవారు. టీవీ వాళ్లకిచ్చే ఎమ్మీ అవార్డు వచ్చింది. మూకీల నాటి కమెడియన్ బస్టర్ కీటన్ గెస్టుగా వచ్చిన ఎపిసోడ్ ఇప్పటికీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, తప్పకుండా చూడండి.

కానీ షో ఒక్క సీజన్‌తో 1950లో ఆగిపోయింది. తర్వాత ఇంకో రెండేళ్లు ఎన్‌బీసీలో వంతులవారీ షోలో చేశాడు. ఆ తర్వాత పిలిచేవాళ్లు లేరు. కామెడీ మారిపోయింది. టైప్‌రైటర్ లాంటి మెషీన్‌కు మొక్కజొన్న కంకి బిగించి, ఒక వరస కొరకడం అయ్యాక చేత్తో పక్కకు తోసి మళ్లీ మొదటి నుంచి కొరికే ఐటమ్ ఈయనదే. 1920ల్లో జనం కుర్చీల్లోంచి పడి పడి నవ్వారు. 1950ల్లో అది తాతగారి కామెడీ అయిపోయింది.

చిట్టిబాబు_వైజాగ్:
మరి సీరియస్ వేషాలు ఎవరిచ్చారు? అంత డౌన్‌లో ఉన్నవాడిని నమ్మి?

పాతరీలు:
కొడుకు. కీనన్ విన్. 'డాక్టర్ స్ట్రేంజ్‌లవ్' చూసినవాళ్లకు గుర్తుంటాడు. కోకాకోలా మెషీన్‌ను కాల్చనంటే కాల్చనని భీష్మించే కల్నల్ ఆయనే. ఆ పేరు తల్లి తరఫు తాతది, ఫ్రాంక్ కీనన్ అనే నాటక నటుడిది. చిన్నప్పటి నుంచి 'ఎడ్ విన్ కొడుకు' అనే పిలుపుతో పెరిగి, దాన్నుంచి బయటపడడానికి క్యారెక్టర్ ఆర్టిస్టుగా చాలా కష్టపడ్డాడు. తండ్రిని సీరియస్ వేషాల వైపు మళ్లమని పోరు పెట్టింది కూడా ఆయనే. అలా ముందు హోసే ఫెర్రర్ తీసిన 'ద గ్రేట్ మ్యాన్'లో ఒక చిన్న రేడియో స్టేషన్ ఓనరు వేషం వచ్చింది. ఒకే ఒక్క పెద్ద సీను. నింపాదిగా, గొంతు పెంచకుండా మాట్లాడతాడు.

అసలు పరీక్ష 1956 అక్టోబర్ 11న. సీబీఎస్‌లో 'ప్లేహౌస్ 90' అని వారం వారం తొంభై నిమిషాల నాటకాలు వచ్చేవి. రాడ్ సెర్లింగ్ రాసిన 'రెక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్' అందులో రెండోది. బాక్సర్‌గా జాక్ పాలన్స్, వాడిని అమ్ముకునే మేనేజర్‌గా కీనన్, వాడి గాయాలు కట్టే ముసలి ట్రైనర్ ఆర్మీగా ఎడ్ విన్. మొత్తం లైవ్. తప్పు జరిగితే దేశమంతా చూస్తుంది, రెండో టేక్ లేదు.

రిహార్సల్స్‌లో పెద్దాయన డైలాగులు మర్చిపోయాడు. టెన్షన్ పెరిగితే జోకులు వేసి తప్పించుకునేవాడు, నడకలో పాత స్టేజీ నడక వచ్చేసేది. యాభై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? తీసేద్దామన్న మాట వచ్చింది. అవసరమైతే దింపడానికి నెడ్ గ్లాస్ అనే నటుణ్ణి కూడా సిద్ధం చేశారు. డైరెక్టర్ రాల్ఫ్ నెల్సన్‌కు ఒకటే నరకం, కొడుక్కి ఇంకో నరకం. ఎందుకంటే కీనన్‌కు అన్నీ తెలుసు, ఆ రాత్రి ఆ తండ్రి ఎదురుగానే నిలబడి సీను చెయ్యాలి.

ప్రసారం మొదలైంది. ఎడ్ విన్ నిలబడ్డాడు. ఆ నాటకం ఆ ఏటి ఎమ్మీలు ఎగరేసుకుపోయింది, ఎడ్ విన్‌కు కూడా నామినేషన్ వచ్చింది. తెర వెనక జరిగిందంతా రాల్ఫ్ నెల్సనే 1960లో 'ద మ్యాన్ ఇన్ ద ఫన్నీ సూట్' అనే టీవీ నాటకంగా తీశాడు. అందులో ఎడ్, కీనన్, సెర్లింగ్, నెల్సన్ అందరూ వాళ్ల వేషాలు వాళ్లే వేశారు. తండ్రీ కొడుకులు తమ గొడవను తామే మళ్లీ కెమెరా ముందు ఆడడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి.

గోదారిగట్టు:
నాదొక అభ్యంతరం. రెక్వియమ్ నేనూ చూశాను, నాకూ కళ్లు చెమర్చాయి. కానీ అది నటనా? ఆయన నిజంగానే భయపడుతున్నాడు, ఆ భయమే మనకు పాత్ర బాధలా కనిపించింది. ముసలి మొహం, వణికే గొంతు, ఒంటరితనం, అన్నీ ఆయన సొంతవే. దర్శకుడు తెలివిగా వాడుకున్నాడు. గొప్ప నటుడు అనడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

తెరవెనుక:
గోదారిగట్టు గారూ, నేను ఒప్పుకోను. నాటకాల్లో భయపడ్డ నటుణ్ణి దగ్గర నుంచి చూసినవాణ్ణి. భయం వేసినవాడు తొందరపడతాడు. ఎదుటివాడి మాట పూర్తి కాకముందే అందుకుంటాడు. వాక్యం చివర మింగేస్తాడు. ఆర్మీని మళ్లీ చూడండి. మేనేజర్ అబద్ధం చెప్పినప్పుడల్లా వెంటనే జవాబివ్వడు. వింటాడు. ఒక క్షణం ఎక్కువే ఆగుతాడు. అప్పుడు మాట్లాడతాడు.

ఆ ఆగడం ఎక్కడిది? వాడెవిల్‌లో నేర్చింది. జోకు వేశాక జనం నవ్వడానికి ఎంత చోటు వదలాలో ఆయనకు ఒంట్లో ఇంకిపోయింది. ఇక్కడ అదే చోటు వదిలాడు, నవ్వు రాలేదు, రాకూడదు కూడా. ఆ ఖాళీ మనకు బాధలా వినబడుతుంది. కామెడీ మానేసి నటన నేర్చుకున్నాడని అంటారు చాలామంది. నేనలా అనుకోను. టోపీ, కోటు, ఇకిలింపు తీసేశారు, పనితనం మాత్రం అదే.

ఇంకోటి. ఆ కథలో అసలు అవమానం ఏమిటి? ఇక బాక్సింగ్ చెయ్యలేని మనిషికి పిచ్చి వేషం కట్టించి, కుస్తీ గోదాలో దొంగ పోటీలకు దింపి జనం చేత నవ్వించుకోమంటాడు మేనేజర్. ఆర్మీకి అది భరించరానిది. యాభై ఏళ్లు పిచ్చి వేషాలతోనే అన్నం తిన్న మనిషికి సెర్లింగ్ ఆ పాత్ర ఇచ్చాడు. వేషం కట్టడం ఎప్పుడు గౌరవం, ఎప్పుడు అవమానం అన్నది ఆ స్టూడియోలో ఆయనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

గోదారిగట్టు:
వేషం సంగతి బాగా చెప్పారు, అలా ఆలోచించలేదు నేను. నటన విషయంలో మాత్రం రెక్వియమ్ ఒక్కటే చూసి తేల్చను. మిగతావి కూడా చూశాక మాట్లాడతాను.

రేడియో_ప్రియ:
మన దగ్గర ఇటీవల 'రంగమార్తాండ' (2023)లో బ్రహ్మానందం గారు చేసింది చూశాక నాకు ఎడ్ విన్ ఎంత గుర్తొచ్చాడో! ఆయన మొహం తెర మీద కనిపిస్తే నవ్వడానికి మూడు దశాబ్దాలుగా అలవాటు పడ్డాం. హాల్లో మొదటి సీనుకు కొందరు అలవాటు కొద్దీ నవ్వారు, ఆసుపత్రి సీనుకు వచ్చేసరికి కిక్కురుమనలేదు. చూసేవాళ్ల అలవాటును దాటి రావడం కమెడియన్‌కు మాత్రమే ఉండే కష్టం. మామూలు నటుడికి ఆ బరువు ఉండదు.

అక్షరమాల:
ఆన్ ఫ్రాంక్ సినిమా గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తాను. జార్జ్ స్టీవెన్స్ డైరెక్టర్. ఎడ్ విన్ వేసింది మిస్టర్ డుసెల్. ఇంకొకరి ఇంట్లో, ఇరుకు గదిలో, చిన్నపిల్లతో గది పంచుకోవలసి వచ్చి చిరచిరలాడే పెద్దమనిషి. మంచివాడిగా కనిపించాలని ఎక్కడా ప్రయత్నించడు. జనం ప్రేమ మీద యాభై ఏళ్లు బతికిన కమెడియన్ అంత చికాకు మనిషిగా కనిపించడానికి సిద్ధపడ్డాడంటే అదే నాకు పెద్ద మార్కు. సహాయ నటుడి ఆస్కార్ ఆ ఏడు 'బెన్ హర్'లో చేసిన హ్యూ గ్రిఫిత్‌కు వెళ్లింది.

అయితే ఒక మాట చెప్పకపోతే అన్యాయం. డుసెల్ వెనక నిజమైన మనిషి ఉన్నాడు, ఫ్రిట్జ్ ఫెఫర్. బెర్లిన్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌కు పారిపోయి వచ్చిన డెంటిస్ట్, 1944 డిసెంబర్‌లో నాజీల నాయెన్‌గామె క్యాంపులో చనిపోయాడు. నాటకంలో, సినిమాలో ఆయనకు యూదుల ఆచారాలే తెలియనట్టు చూపించారు. నిజానికి ఆయన భక్తి ఉన్న మనిషి. ఆయనతో జీవితం పంచుకున్న షార్లెట్ ఈ చిత్రణ మీద చాలా బాధపడింది, నాటకం రాసినవాళ్లకు అభ్యంతరం తెలిపింది. అది రచన తప్పు, నటుడిది కాదు. కానీ ఎడ్ విన్ నటన ఎంత బాగుంటే ఆ తప్పు బొమ్మ అంత గట్టిగా జనం మనసులో నాటుకుపోయింది. పిల్లలకు ఈ సినిమా చూపించేటప్పుడు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

బొమ్మలపెట్టె:
ఇది నాకు అస్సలు తెలియదు అక్షరమాల గారూ. చాలా థ్యాంక్స్. మా పెద్దాడు ఆ డైరీ చదువుతున్నాడు, వాడికి చెప్తాను.

చిట్టిబాబు_వైజాగ్:
ఇప్పుడే వెతికా! 'రెక్ ఇట్ రాల్ఫ్' (2012)లో కింగ్ క్యాండీ గొంతు ఈయన్ను చూసే చేశారట. డిస్నీ 'ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్' (1951)లో మ్యాడ్ హ్యాటర్ గొంతు సాక్షాత్తూ ఈయనదేనట. అంటే పేరు తెలియకుండానే చిన్నప్పటి నుంచి వింటున్నానన్నమాట.

డాలస్_తెలుగు:
అవును తమ్ముడూ. చివరి ఏళ్లలో డిస్నీ వాళ్లే ఆయన్ను బాగా చూసుకున్నారు. 'ది ఆబ్సెంట్ మైండెడ్ ప్రొఫెసర్' (1961)లో ఫైర్ చీఫ్ వేషం ఇచ్చారు, రేడియో రోజులు గుర్తున్న పెద్దవాళ్ల కోసం. అందులో విలన్ కీనన్. మనవడు నెడ్ కూడా చిన్న వేషంలో ఉన్నాడు. తాత, కొడుకు, మనవడు ఒకే సినిమాలో. 1966 జూన్ 19న క్యాన్సర్‌తో పోయారు. ఆయన నటించిన 'ద నోమ్ మొబైల్' ఆ మరుసటి ఏడు విడుదలైంది.

పాతరీలు:
బొమ్మలపెట్టె గారి మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పాలంటే అంకుల్ ఆల్బర్ట్ సీన్ చివర చూడండి. ఇంటికి వెళ్లే టైమయిందని మేరీ అనగానే అందరూ కిందికి దిగుతారు. వాళ్లు వెళ్తుంటే ఆల్బర్ట్ ఏడుపు మొదలుపెడతాడు. అరనిమిషం క్రితం పగలబడి నవ్విన గొంతే, అదే వణుకు. ఏ మాట దగ్గర నవ్వు ఏడుపైందో మీరు గీత గీయలేరు. విడుదలనాటికి ఆయనకు 77 ఏళ్లు. రెక్వియమ్ చెయ్యకముందు ఇదే సీను ఇచ్చి ఉంటే నవ్వు అద్భుతంగా చేసేవాడు, ఏడుపును కూడా జోకు చేసేసేవాడని నా నమ్మకం.

చిట్టిబాబు_వైజాగ్:
ఏది ముందు చూడమంటారు? ఒక్కటి చెప్పండి.

తెరవెనుక:
'ద ట్వైలైట్ జోన్'లో 'వన్ ఫర్ ది ఏంజెల్స్', 1959. అరగంట కూడా ఉండదు. సెర్లింగే రాశాడు. ఈయన వీధిలో బొమ్మలు, టైలు అమ్ముకునే ముసలాయన. మృత్యువు సూటు వేసుకుని వస్తుంది. పాప ప్రాణం కాపాడాలంటే అర్ధరాత్రి దాకా మృత్యువుకే సరుకు అమ్మి కదలకుండా నిలబెట్టాలి. గోదారిగట్టు గారూ, మీరూ ఇది చూసి చెప్పండి.

గోదారిగట్టు:
రాత్రే చూశాను. వీధి వ్యాపారి అంటే గుక్క తిప్పుకోకుండా మాట్లాడాలి, ఈయనకు ఆ వేగం లేదు. మొదట అది లోపం అనిపించింది. కానీ మృత్యువుకు దారప్పోగు చూపించి పట్టు అని నమ్మించే చోట వేగంతో పనే లేకపోయింది. ఆ దారాన్ని నిజంగా అపురూపమైన వస్తువులా పట్టుకున్నాడు, వేళ్లతో సహా. అక్కడ భయం లేదు, లైవ్ టెన్షన్ లేదు, అది కచ్చితంగా నటనే. రెక్వియమ్ ఈ వారం మళ్లీ పెట్టుకుని చూస్తాను, ముఖ్యంగా మీరు చెప్పిన ఆగే చోట్లు.